మావాణ్ణి ఎక్కడ పెట్టారండీ?

రాష్ట్ర స్త్రీ, శిశు సంక్షేమ శాఖ మంత్రి శ్రీమతి గుమ్మడి సంధ్యారాణి గారికి,



బెజవాడలో పెద్దవాణ్ణి పోలీసులు పట్టుకుపోతే వాడెక్కడున్నాడో కనుక్కోవడం నాబోటి వకీలు గుమాస్తాకు ఒక పూటలో అయిపోయే పని. కేసుకు ఎఫ్‌ఐఆర్ నంబరుంటుంది. దాన్ని 24 గంటల్లో ఇంటర్నెట్‌లో పెట్టమని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. ఏ కోర్టులో హాజరుపరిచారో, ఏ జైలుకు రిమాండు చేశారో కాగితాల్లో ఉంటుంది. ఆ మీదట ములాఖత్. ఇప్పుడు ఇంటి దగ్గరనుంచే పేరు నమోదు చేసుకుని వీడియోలో మొహాలు చూసుకునే ఈ-ములాఖత్ కూడా వచ్చింది. అరెస్టయినవాళ్ల పేర్లూ చిరునామాలూ నలుగురికీ కనబడేట్టు పెట్టాలని 2024 జూలైలో అమల్లోకొచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 37వ సెక్షన్ అంటోంది. ఇవన్నీ రాసినట్టే జరుగుతున్నాయని నేననను. జరగనప్పుడు ఏ బల్ల దగ్గరికెళ్లి అడగాలో మాత్రం తెలుసు.

అదే పదహారేళ్ల కుర్రాణ్ణి పట్టుకుపోతే ఈ దారుల్లో ఒక్కటీ పనిచెయ్యదు. తల్లి వచ్చి ‘మావాణ్ణి ఎక్కడ పెట్టారండీ’ అంటే ఎటు వేలు చూపించాలో తెలీక నిలబడిపోతాం. ఈ ఉత్తరం దాని గురించే.

ఒకావిడ సంగతి చెబుతాను. పేరు చెప్పను, ఊరు చెప్పను. చెబితే పిల్లాడెవరో తెలిసిపోతుంది, అది జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. దివిసీమ మనిషి అనుకోండి చాలు. కొడుకు ఇక్కడ ఆటోనగర్‌లో ఒక మెకానిక్ షెడ్డులో పనికి కుదిరాడు. ఒకరోజు ఫోను స్విచాఫ్. మర్నాడూ అంతే. షెడ్డు ఓనరుకు చేస్తే ‘బండి మీద ఇద్దరొచ్చి తీసుకెళ్లారమ్మా, పోలీసులే అనుకుంటా’ అన్నాడట. ఏ స్టేషనో ఆయనకు తెలీదు. వచ్చినవాళ్లు యూనిఫాంలో లేరు. పిల్లల దగ్గరికి మఫ్టీలోనే వెళ్లాలని నియమం, పిల్లాడు భయపడకూడదని. మంచి నియమమే. దానివల్ల చూసినవాళ్లెవరికీ ఏ స్టేషన్ మనుషులో అంతుపట్టలేదు.

ఆవిడ చేతిలో ఒక పాలిథిన్ కవరు. అందులో ఆధార్ జెరాక్సు, స్కూలువాళ్లిచ్చిన స్టడీ సర్టిఫికెట్, ఒక జత బట్టలు, ఫిట్స్ మాత్రల షీటు. పిల్లాడికి చిన్నప్పటినుంచీ మూర్ఛ ఉంది. రెండు పూటలా మాత్ర వెయ్యాలి. ఒక స్టేషన్‌కు వెళ్తే ‘మా దగ్గర లేడు’ అన్నారు. అది నిజమే, పట్టుకున్నది వేరేవాళ్లు. ఇంకోచోట రైటరు లేడు, రేపు రమ్మన్నారు. రాత్రి పండిట్ నెహ్రూ బస్టాండులో పడుకుంది. తెల్లారి ఎవరో చెబితే కోర్టుల దగ్గరికొచ్చి నా కంటపడింది. నేను జువైనల్ జస్టిస్ బోర్డు దగ్గరికి తీసుకెళ్తే, అక్కడి అటెండరు ఆధార్ మీద ఫొటో చూసి ‘ఈ అబ్బాయా, నిన్న మధ్యాహ్నమే వచ్చాడు కదమ్మా, అబ్జర్వేషన్ హోమ్‌కు పంపారు’ అన్నాడు.

ఆవిడ ఏడవలేదు. మాత్రల షీటు తీసి అటెండరు చేతిలో పెట్టబోయింది, ముందు ఇది పంపించండి అని. పిల్లాడికి ఆ రెండు రోజుల్లో ఏమీ కాలేదు. మూర్ఛ వచ్చి ఉంటే, పక్కనున్నవాళ్లు నాటకమాడుతున్నాడనుకునేవాళ్లేమో!

ఇందులో ఎవరూ చెడ్డవాళ్లు లేరన్నది గమనించండి. కొట్టినవాళ్లు లేరు, లంచమడిగినవాళ్లు లేరు. 24 గంటల్లోపు బోర్డు ముందు పెట్టమని జువైనల్ జస్టిస్ చట్టం 10వ సెక్షన్ అంటుంది, పెట్టారు. లాకప్‌లో వెయ్యలేదు. తల్లికి చెప్పలేదు, అంతే. 13వ సెక్షన్ చదివితే, పిల్లాణ్ణి పట్టుకున్నాక వీలైనంత త్వరగా తల్లిదండ్రులకు తెలియజేసి, బోర్డు ముందుకు రమ్మని చెప్పే బాధ్యత స్టేషన్‌లోని బాలల సంక్షేమ పోలీసు అధికారిది. అయితే ఆ సెక్షన్‌లో ‘దొరికితే’ అన్న మాట ఒకటుంది. ఆ మాటలోంచి లారీలు వెళ్లిపోతున్నాయి.

ఎందుకు దొరకరు? ఈ ముక్క మీకెవరూ చెప్పి ఉండరు, నేను చెబుతాను. ఈ కాలం పిల్లలకు తల్లి ఫోన్ నంబరు నోటికి రాదు. ‘అమ్మ న్యూ’ అని ఫీడ్ చేసుకుంటారు, పేరు నొక్కి మాట్లాడతారు. ఎస్సై గారు మంచిగానే ‘నంబర్ చెప్పరా’ అంటారు. వాడు దిక్కులు చూస్తాడు. ఆ నంబరున్న ఫోను అప్పటికే పంచనామాలో రాసి గుడ్డసంచిలో పెట్టి సీలేశారు, కేసు ప్రాపర్టీ కింద. అడ్రసు చెప్పరా అంటే ఊరి పేరు చెబుతాడు. ఆ ఊళ్లో తల్లి ఉండదు, మిరపకాయ కోతలకు గుంటూరు వైపు పోయి ఉంటుంది. లేదంటే కైకలూరు దిక్కున రొయ్యల చెరువుల మీద ఉంటుంది. ‘తల్లిదండ్రులు దొరకలేదు’ అని డైరీలో ఒక లైను రాస్తే చట్టం పూర్తయింది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో పిల్లల మీద నమోదైన కేసులు 30,555. పట్టుబడ్డవాళ్లలో నాలుగింట మూడొంతులకు పైగా 16 నుంచి 18 ఏళ్ల మధ్యవాళ్లే. అంటే ఇంటికి దూరంగా పనిలో ఉండే వయసు, సెల్‌ఫోన్ వయసు.

మరి తల్లే వెతుక్కోవచ్చు కదా అంటే, దేన్ని పట్టుకుని వెతకాలి? కేంద్రం 2016లో ఇచ్చిన నమూనా నియమాల ప్రకారం, ఘోరమైన నేరమో, పెద్దవాళ్లతో కలిసి చేసిందో అయితే తప్ప పిల్లాడి మీద ఎఫ్‌ఐఆరే కట్టకూడదు. స్టేషన్ జనరల్ డైరీలో రాసుకుని, వాడి ఇంటి పరిస్థితుల మీద ఒక నివేదికతో బోర్డుకు పంపాలి. పిల్లాడి భవిష్యత్తుకు మరక అంటకూడదని పెట్టిన నియమం అది, నేను చేతులెత్తి దణ్ణం పెడతాను. కానీ ఎఫ్‌ఐఆర్ లేదంటే నంబరు లేదు. నంబరు లేదంటే ఇంటర్నెట్‌లో లేదు, కోర్టు లిస్టులో లేదు, పేపర్లో లేదు.

పేరు దాచడం లోకం నుంచి. పత్రికల నుంచి, చుట్టుపక్కలవాళ్ల నుంచి, రేపు ఉద్యోగమిచ్చేవాడి నుంచి. కన్నతల్లి నుంచి కాదు కదమ్మా! స్టేషన్లలోనూ ఆఫీసుల్లోనూ మాత్రం 74వ సెక్షన్ పేరు చెప్పి తల్లినే గుమ్మంలో ఆపేస్తున్నారు. ‘పిల్లల కేసు, వివరాలివ్వకూడదు’ అంటే ఆవిడేం మాట్లాడుతుంది? చట్టం పేరు చెబితే చదువుకున్నవాళ్లమే నోరు మూసుకుంటాం.

అదే సమయంలో లోకానికి తెలియాల్సినప్పుడు ఎలా తెలుస్తుందో చూశాం. 2022లో హైదరాబాద్ జూబ్లీహిల్స్ సామూహిక అత్యాచారం కేసులో ఐదుగురు మైనర్లు పట్టుబడ్డారు. ఆ నేరం ఘోరం, దాని జోలికి నేను పోను. కానీ వాళ్లను సైదాబాద్ హోమ్‌కు తీసుకెళ్లారని రెండు తెలుగు రాష్ట్రాల్లో టీవీ ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. గేటు ముందు కెమెరాలు. సెల్‌ఫోన్ కొట్టేశాడని పట్టుకున్న కూలివాళ్ల పిల్లాడి ఆచూకీ వాడి ఇంట్లోనే తెలీదు. రహస్యం అనేది కూడా డబ్బున్నవాడికొకలా లేనివాడికొకలా ఉంటుందన్నమాట.

ఈ ఖాళీలోకి దళారీ వస్తాడు. కోర్టుల దగ్గర, స్టేషన్ల ఎదుట టీ బడ్డీల దగ్గర వీళ్లుంటారు. మా వృత్తిలోవాళ్లూ ఉన్నారు, దాచడం దేనికి. ‘మీవాడెక్కడున్నాడో కనుక్కుంటా, రెండు వేలివ్వు’ అంటాడు. అవతల ఒక ఫోన్ కాల్‌తో అయ్యే పని. ఆ రెండు వేలు తల్లి తాకట్టులోంచి వచ్చినవి. ఇంకా ఘోరం, ‘రాత్రికి వదిలేయిస్తా’ అని తీసుకునేది. పిల్లాడు అప్పటికే బోర్డు ముందుకెళ్లి ఉంటాడు, వదలడం వీడి చేతిలో ఉండదు. తెలియని తల్లి మాత్రం స్టేషన్ ముందు రాత్రంతా కూర్చుంటుంది.

నష్టం ఎక్కడ జరుగుతోందో చూడండి. జువైనల్ జస్టిస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం నేరం బెయిలబులా నాన్‌బెయిలబులా అన్న తేడా లేకుండా, ష్యూరిటీతోగానీ లేకుండాగానీ పిల్లాణ్ణి వదలాలి. వదిలితే చెడు సావాసంలో పడతాడనో, వాడికే ప్రమాదమనో, న్యాయానికి భంగమనో బోర్డు నమ్మితేనే ఆపాలి. వదలాలంటే ఎవరి చేతికి? గుమ్మంలో తల్లి నిలబడి ఉంటే, ‘నా బిడ్డ, నేను చూసుకుంటాను’ అంటే, మేజిస్ట్రేటు గారూ ఇద్దరు సభ్యులూ ఆవిడ మొహం చూసి నిర్ణయం తీసుకుంటారు. ఎవరూ లేకపోతే హోమ్‌కు పంపడం తప్ప వాళ్లు మాత్రం ఏం చేస్తారు? నేను చూసిన చాలా కేసుల్లో పిల్లాడు హోమ్‌లో గడిపిన రోజులకూ చేసిన నేరానికీ సంబంధం లేదు. తల్లికి కబురందడానికి పట్టిన రోజులవి.

వయసు సంగతి ఇంకొకటి. పిల్లాడు మీసం వచ్చినవాడైతే 19 అని రాసేస్తారు, ఒక్కోసారి వాడే భయపడి ఎక్కువ చెబుతాడు. అలా రాస్తే వాడు పెద్దల జైలుకు పోతాడు. వయసు తేల్చడానికి 94వ సెక్షన్ ముందు అడిగేది స్కూలు సర్టిఫికెట్. అది ఎవరి దగ్గరుంటుంది? ఆ పాలిథిన్ కవర్లో! పిల్లాడు జైల్లోనో లాకప్‌లోనో ఉన్నాడని తెలిస్తే బోర్డు తనంతట తానే కదలాలని, ప్రేక్షకుల్లా కూర్చోకూడదని సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో అన్నది. బాగుంది. బోర్డుకు తెలియజేసేదెవరు, తల్లి తప్ప?

పోలీసుల మాటా వినాలి. ఒక ఎస్సై గారు నాతో అన్నారు: ‘చెబితే తల్లి ఒక్కతే రాదయ్యా, ఊరి పెద్దమనిషితో, కులపోళ్లతో, పార్టీవాడితో ఆటోలేసుకుని వస్తారు. పిల్లాడి పేరు బజారున పడేది అప్పుడే.’ అందులో అబద్ధమేమీ లేదు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఒక్కోసారి ఇల్లే ప్రమాదం. కొట్టే తండ్రి దగ్గర్నుంచి పారిపోయొచ్చి రైల్వేస్టేషన్‌లో తేలినవాడుంటాడు. పెళ్లి చేసేస్తారని పారిపోయిన ఆడపిల్ల ఉంటుంది. బెజవాడ జంక్షన్ ఇలాంటి పిల్లల్ని దశాబ్దాలుగా చూస్తోంది. నవజీవన్ బాలభవన్ 1989లో ఇక్కడ పుట్టింది వాళ్ల కోసమే. అలాంటివాళ్ల అడ్రసు ఎవరడిగితే వాళ్లకు చెప్పమని నేననడం లేదు. అడిగినవాళ్లు ఎవరో చూసుకుని, పిల్లాణ్ణి ‘చెప్పమంటావా’ అని అడిగి, అప్పుడే చెప్పండి. చెప్పకూడదనుకుంటే బోర్డో బాలల సంక్షేమ కమిటీయో ఆ మాట రాతలో పెట్టాలి. ‘క్షేమంగా ఉన్నాడు’ అన్న ముక్కయినా తల్లికి చేరాలి.

ఇదేమీ నేను కొత్తగా కోరుతున్నది కాదు. మన దేశం 1992 డిసెంబరులో చేరిన బాలల హక్కుల ఒడంబడిక 9వ అధికరణంలో ఉంది: ప్రభుత్వమే పిల్లాణ్ణి నిర్బంధించినప్పుడు, వాడెక్కడున్నాడో తల్లిదండ్రులు అడిగితే చెప్పాలి, బిడ్డకు చేటయితే తప్ప. 1990లో ఐక్యరాజ్యసమితి చేసిన నియమాలైతే ఇంకా వివరంగా చెబుతాయి. చేర్చుకున్నా, ఒక చోటినుంచి ఇంకో చోటికి మార్చినా, వదిలినా ఆలస్యం లేకుండా ఇంటికి తెలపాలట. వారానికి రెండుసార్లయినా ఉత్తరంగానీ ఫోనుగానీ ఉండాలట. మన గడ్డకూ ఈ ఆలోచన కొత్తదేం కాదు. పిల్లలకు వేరే చట్టం, వేరే కోర్టు కావాలని దేశంలో మొదట చట్టం చేసింది 1920లో మద్రాసు ప్రెసిడెన్సీ. కృష్ణా జిల్లా అప్పుడు అందులోదే.

ఉత్తరాల సంగతి వచ్చింది కాబట్టి ఒక ముక్క. హోమ్‌లో పిల్లాడు ఇంటికి ఎన్ని ఉత్తరాలైనా రాసుకోవచ్చు, నెలకు ఒకటైనా రాయించాలి, పోస్టేజీ హోమే భరించాలి అని మన నియమాల్లో ఉంది. చదివినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, బాధా వేసింది. ఏ పిల్లాడు ఉత్తరం రాస్తాడు ఈ రోజుల్లో, ఏ తల్లి చదువుతుంది? ఆ నియమం రాసినవాళ్ల మనసు మంచిది, కాలం మారింది. జైల్లో ఉన్న పెద్దవాడికి వీడియో ములాఖత్ ఇచ్చాం. కోవిడ్ అప్పుడు 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు బోర్డుల్నే వీడియోలో కూర్చోమంది. నాగాయలంక నుంచి బెజవాడ రావాలంటే ఒక రోజు కూలి, బస్సు చార్జీ పోయే తల్లికి అదే వీడియో ఇస్తే తప్పేముంది?

బయటి రాష్ట్రాల పిల్లల సంగతి తలుచుకుంటే ఇంకా భయమేస్తుంది. ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చి ఇక్కడ దొరికినవాడి తల్లికి తెలుగు రాదు. మన పిల్లలు చెన్నైలో దొరికితే మనవాళ్లకు తమిళం రాదు.

ఇప్పుడు నేనడిగేది. పోలీసులు హోంమంత్రి గారి కింద, హోమ్‌లు మీ కింద, బోర్డులోని మేజిస్ట్రేటు హైకోర్టు కింద. 2022లో జిల్లాలు చీలాక బందరు తల్లికి ఎన్టీఆర్ జిల్లాలో పనిపడుతోంది, ఏలూరు తల్లికి ఇంకోచోట. అందుకని ముగ్గురూ కూర్చుని ఒక జీవో ఇవ్వండి. చొరవ మీదే కావాలి, ఎందుకంటే పిల్లలు మీ శాఖ.

పిల్లాడు స్టేషన్ గుమ్మం దాటకముందే, వాడి గొంతుతోనే ఇంటికి ఒక ఫోను చేయించాలి. రెండు నిమిషాలు చాలు, అధికారి పక్కనే ఉండొచ్చు. చేసిన టైము, నంబరు జనరల్ డైరీలో రాయాలి. నంబరు గుర్తులేకపోతే, సీలు వెయ్యకముందు వాడి ఫోనులోంచే తీయాలి, తీసినట్టు పంచనామాలో ఒక లైను రాసుకోవాలి. అదీ కుదరకపోతే ఆ ఊరి అంగన్‌వాడీ కార్యకర్తకు కబురుపెట్టండి. ఆవిడ మీ శాఖ మనిషే, ఏ ఇల్లు ఎవరిదో, ఎవరు కోతలకెళ్లారో ఆవిడకు తెలిసినట్టు ఏ పోలీసుకూ తెలీదు. కేసేమిటో ఆవిడకు చెప్పక్కర్లేదు. ‘మీ అబ్బాయి గురించి ఈ నంబరుకు ఫోన్ చెయ్యి’ అన్న ముక్క తల్లి చెవిన వేస్తే చాలు.

బోర్డు ముందు పెట్టేలోపు తల్లికి ఒక చీటీ అందాలి, చేతికైనా వాట్సాప్‌లోనైనా. బోర్డు ఎక్కడ, ఎన్నింటికి, హోమ్‌కు పంపితే ఏ హోమ్, చూడ్డానికి ఎప్పుడు రావాలి, ఏ కాగితాలు తెచ్చుకోవాలి, వేసుకునే మందులేమైనా ఉన్నాయా, వకీలు కావాలంటే న్యాయసేవా సంస్థ నంబరు 15100. నేరమేమిటో అందులో రాయొద్దు, ఆ చీటీ పక్కింటివాళ్లు చూసినా ఏం తెలియకూడదు.

రాత్రిపూటా ఆదివారాలూ ఫోనెత్తే మనిషి ఒకరు జిల్లాకు కావాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది కదా అంటారు. 2023లో అది స్వచ్ఛంద సంస్థల చేతుల్లోంచి మీ చేతికొచ్చింది, కాబట్టి పని ఇంకా సులువు. ఇవాళ పట్టుబడ్డ పిల్లల జాబితా ఆ ఫోనెత్తే మనిషి ముందు ఉండేట్టు చెయ్యండి. తల్లి వివరాలు చెబుతుంది, ఆ మనిషి సరిచూసుకుని అరగంటలో తిరిగి ఫోన్ చేస్తుంది. శనివారం సాయంత్రం పట్టుకుంటే ఆదివారం బోర్డు సభ్యుల్లో ఒకరి ముందు పెడతారు, తల్లి సోమవారం పొద్దున ఆఫీసు తెరిచేదాకా ఆగాల్సొస్తుంది. ఆ ఒక్కరోజు తేడాలోనే చాలామంది హోమ్‌కు పోతున్నారు.

చీటీ నమూనా ఒకటి నేనే రాసి దీనికి జతపరుస్తున్నాను. తెలుగులో, అర పేజీ. వెనకవైపు హిందీలోనూ ఒడియాలోనూ వేయించాలి, ఆ భాషలు నాకు రావు కాబట్టి ఖాళీగా వదిలాను. మందుల గడి మాత్రం పైనే పెట్టాను, దాన్ని కిందికి జరపొద్దని మనవి.

ఇట్లు,
విజయవాడ కోర్టుల్లో ఒక వకీలు గుమాస్తా